కాటా కింద గుంత

ఆదోనిలో నవంబరు.
పత్తి యార్డు వెనక మేడ మీద గది నాది.
కిటికీ జాలీకి దూది పేరుకుని
మధ్యాహ్నానికి వెలుతురు కూడా ముతకబడుతుంది.

ముందు ఒక హెడర్ ఫైలు,
తొమ్మిది వందల పన్నెండు వరుసలు.
కెర్నల్ తనలో తాను గొణుక్కునే మాటలు:
ఏ తాళం ఎవరి గుప్పిట్లో ఉంది,
ఏ వరసలో ఎవరు ముందు,
నిద్రపోయిన పనిని ఏ పేరు పెట్టి లేపాలి.
ఇందులో బయటి ప్రోగ్రాములకు ఏవి చూపాలో
నేను గీత గీయాలి.
శుక్రవారం లోపల.

చూపడం ఎంతసేపు!
ఒక వరుసను ఈ ఫోల్డరు నుంచి ఆ ఫోల్డరుకు జరపడమే.
వెనక్కి తెచ్చుకునే దారే లేదు.
పదిహేడు అని ఒకసారి బయట చెప్పాక
రేపు నాకు పద్దెనిమిది కావాల్సొచ్చినా
పదిహేడే.
నేను ఈ ఉద్యోగం మానేశాక కూడా పదిహేడే.

అందుకే మొదట అన్నీ మూసేశాను.
ఫోన్లో మద్దిలేటి నవ్వాడు:
"అన్నీ దాస్తే ఇంగ వాకిలెందుకు మేడమ్,
గోడ కట్టేస్తే సరిపాయె!"

పోయిన నెల కాటా ఆగింది.
రాత్రి కొత్త కెర్నల్ వేశాం. తెల్లారేసరికి
ఆలూరు రోడ్డు పొడుగునా పత్తి లారీలు.
ఖాళీ పళ్లెం మీద పదకొండు టన్నులు.
"గాలిని తూకమేస్తాండా" అన్నాడు
కాటా ఉరుకుందప్ప, రసీదు పుస్తకం మూసేసి.
హమాలీలు నీడకు పోయి కూర్చున్నారు,
ఆ పూట కూలి ఎవరిస్తారని ఎవరూ నన్ను అడగలేదు.

తవ్వితే, తప్పు నాదే.
నాది కూడా.
ఒక స్ట్రక్చర్ నడుమ నాలుగు బైట్లు చేర్చాను.
లోపలిది, వంటింటి గూట్లోది,
ఎవరికీ ఇస్తానని చెప్పనిది.
ఏడేళ్ల కిందట ఎవరో కుర్రాడు
దాన్ని ఉన్నదున్నట్టు నకలు తీసి
కాటా ప్రోగ్రాములో అతికించుకున్నాడు.
పైన ఒక వ్యాఖ్య:
వేరే దారి లేదు.

కోపంతోనే కాటా దగ్గరికి పోయాను.
ఉరుకుందప్ప గడ్డపారతో రేకు లేపాడు.
గుంత.
వాన నీళ్లు, తడిసిన దూది, ఒక చెప్పు,
నాలుగు మూలలా తుప్పు నీడలో సెల్లులు.
"లారీవోళ్లకు సూపియ్యను. సూస్తే ఎవరు నమ్ముతారు?"

గోడకు సున్నంతో గీసిన గీతేంది అన్నాను.
కొంచెం సిగ్గుపడ్డాడు.
నీళ్లు ఆ గీత దాటితే కాటా నలభై కిలోలు ఎక్కువ చెప్తుందట.
అంత తీసేసి రాస్తాడట.
"యెవురూ చెప్పలే. నేనే కనిపెట్టినా."
కంపెనీవాళ్లొచ్చి గుంత ఎండబెడితే?
"అప్పుడు నా లెక్క పోతాది" అని
రేకు దబ్బున వదిలాడు.

తిరిగొచ్చి కూర్చున్నాను.
కుర్రాడికి కావాల్సింది నాలుగే నిర్వచనాలు.
నాలుగూ బయట పెట్టాను.
ముద్దుపేర్లు తీసి బడి రిజిస్టరు పేర్లు రాశాను.
ఏ యంత్రం మీదైనా ముప్పై రెండు బిట్లంటే
ముప్పై రెండేనని కొలత కట్టాను.
చివర పదహారు బైట్లు ఖాళీ వదిలి
సున్నాలు తప్ప ఏమీ పెట్టొద్దని రాశాను.
పెడతారు. తెలుసు.

ఒక్క వరుస మిగిలింది:
క్యూ లోతు, నూట ఇరవై ఎనిమిది.
చూపితే ఇక ఆ అంకెను ముట్టుకోలేను.
చూపకపోతే ఎవడో
ఒక్కొక్కటే వేసి, ఎక్కడ ఆగుతుందో చూసి
తన గోడకు సున్నం గీసుకుంటాడు.

కర్సరు దాని పక్కనే కొట్టుకుంటోంది.
కింద మబ్బు పట్టిన సాయంత్రం,
లారీ ఎక్కిన చప్పుడుకు కిటికీ అదిరింది.
తూకం రాసే ముందు
ఉరుకుందప్ప మోకాళ్ల మీద వంగి
రేకు సందులోంచి టార్చి వేస్తున్నాడు.