తక్‌పట్టీ వెనుక

సీజన్ల నాకు ఎనుమాముల మార్కెట్ల రాత్రి గేటు.
తెల్లారితే తేమ చూసుడు.
బోరెంల ఇనుప పుల్ల గుచ్చి
మీటర్ మీద అంకె చదివి
పన్నెండు దాటితే ధర కోసుడు.
రైతు నా దిక్కు చూస్తడు,
నేను అంకె దిక్కు చూస్త.

రాత్రి పాటలకు గూడ అదే పుల్ల.
సీమ దేశపు కొత్త ఆల్బం ఏదన్న దొరికితె
ఫోన్ల దింపుకోని, చెవుల పెట్టుకోని
మఫ్లర్ చుట్టుకుంట.
ఏడుపు ఎక్కువైన పాట
పద్దెనిమిది శాతం, వాపస్.
తెలివి ఎక్కువై పటపట ఎండిన గిటారు
పోగు తెగిపోతది, అదీ వాపస్.
పది పాటల్ల మూడన్న
ఎనిమిదికి పన్నెండుకు నడుమ నిలబడితే
పాత తక్‌పట్టీ తిప్పి వెనుక రాస్త:

"లెస్లీ అన్నా, ఇది ఇను.
మొదటిది దాటెయ్యి, అది అమ్మటానికి పెట్టిండ్రు.
నాలుగోది లైటు బంద్ చేసి ఇను."

లెస్లీ కాజీపేట లోకో షెడ్ల రిటైరయిండు.
వాళ్ల నాయిన రైల్వే ఇన్‌స్టిట్యూట్ల
శనివారం శనివారం గిటారు కొట్టేటోడట.
గుర్రాల పాటలు, జైలు పాటలు, విస్కీ పాటలు
ఆ ఇంట్ల సామాన్ల లెక్క దిగినయ్.
కొత్తది అంటే చాలు, మొఖం అటు తిప్పుతడు.
"ఈ పోరగాళ్లు రైలెక్కకనే రైలు పాట రాస్తరు.
బ్రేకు చప్పుడు ఏ శృతిల ఉంటదో ఎరుకేనా?"
అంటడు గాని
పట్టీ మడిచి అంగి జేబుల పెట్టుకుంటడు.
వారానికి ఒక మిస్డ్ కాల్ వస్తది:
నచ్చినట్టు.
రెండొస్తే పాత బాకీ.

మొన్న పుష్యమాసం చలిల ఒకటి దొరికింది.
ఎక్కడిదో బొగ్గు బావుల ఊరు,
నలుగురు మనుషులు, ఒక ఖాళీ గోదాం,
మూడు రాత్రుల రికార్డింగట.
ఫిడేలు ఉంది, బాంజో ఉంది,
సీసా మెడ తీగ మీద జారుతాంది.
పాడేటామె రెండో చరణం ముంగట దగ్గింది.
ఆ దగ్గును తియ్యలే.
పుల్ల గుచ్చిన.
అంకె నిలవలే.
ఒకపాలి ఏడు, ఒకపాలి ఇరవై.

హమాలీ ఓదెలు బీడీకి నిప్పడుగ వచ్చిండు.
ఒక చెవిది తీసి ఇచ్చిన.
బస్తాకు వీపానిచ్చి పాటంత ఇన్నడు,
ఏం భాష అని అడుగలే.
"భూపాలపల్లి దిక్కుదా?"
కాదన్న. సముద్రాల అవతల.
"ఏడన్న ఉండనీ. బావిల దిగినోళ్ల ఇంటిది.
ఊపిరిని ఎట్ల దాసుకుంటాందో సూడు,
మా బాపు గూడ మాట నడుమ గట్లనే ఆగేటోడు."

ఆరు నెలలు నేను రాసిన పట్టీలల్ల
ఇసొంటి వాక్యం ఒక్కటి లేదు.

అటెన్క ఆయనె తన ఫోను తీసిండు,
పలిగిన అద్దం మీద బొటనవేలు తుడిచి.
"ఇది ఇను. మా బామ్మర్ది మొగిలి,
ఎల్లమ్మ కొలుపుల పాడిండు.
మొదలు ఐదు నిమిషాలు దాటెయ్యి,
అంత శృతి చేసుకునుడే."
గాలి. కుక్క. ఎవరో చాయ్ అడుగుడు.
గప్పుడు జమిడికె.
చంక కింద బిగిసి, వదిలి,
ఒక్క తీగె ఊరంతని గుంజుతాంది.
మేం ఐదు నిమిషాలు దాటెయ్యలే,
శృతి చేసుకునుడు గూడ ఇన్నం.
లారీ హారన్ కొడితే గేటు తియ్య ఆలస్యమయింది,
డ్రైవర్ తిట్టిండు.

పట్టీ వెనుక రాసిన:
"లెస్లీ అన్నా, ఈసారి రెండు.
ఒకటి పంపిస్తున్న.
రెండోది ఓదెలు ఫోన్లనే ఉంది, నువ్వే రావాలె.
బీడీల కట్ట తే.
తేమ కాడ ఏం రాయలే."

ఆదివారం స్కూటర్ మీద వచ్చిండు.
రెండూ ఇన్నడు.
టోపీ తీసి మళ్ల పెట్టుకున్నడు.
ఒక్క మాట అనకుంట పోయిండు.

సోమవారం పొద్దుగాల రెండు మిస్డ్ కాల్స్.
రెండూ నచ్చినయో
మూడు వందల బాకీ యాదికొచ్చిందో.
మళ్ల చేసి అడుగలే.
పుల్ల తుడుసుకోని లైన్ల నిలబడ్డ.