ఆరో గడి

ఫారంలో ఆరో గడి ఇంకా నిండలేదు.
'కనిపెట్టినవారి పేరు' అని
దాని నెత్తిన అచ్చయి ఉంది.
గంగపట్నం రొయ్యల గుంటల మధ్య
మూడు రోజులుగా దాన్ని మోసుకు తిరుగుతున్నాను.

మొదట ఖాదర్‌వలీ పేరు రాశాను.
కరెంటు పోయిన రాత్రి
పాత మోపెడ్ ఇంజనుకి రేకు రెక్కలు బిగించి
నీళ్లకి ఊపిరి పోసినవాడు.
గ్రీజు చెయ్యి అడ్డంగా ఊపాడు.
"నాదేం లేదు సార్, ఇంజను పెంచలరెడ్డిది,
పందెంలో ఓడి నా షాపులో పడేసి పోయినాడు.
రెక్కలెట్టా కొట్టాలో చెప్పింది చెంచురామయ్య."

చెంచురామయ్య గట్టు మీద వంగి
మేత పళ్లెం పైకెత్తి చూస్తున్నాడు.
"చెప్పలా అబ్బయ్యా, చూశా" అన్నాడు.
తెల్లారుజామున నాలుగింటికి
గుంటంతా రొయ్య పైకి తేలి అల్లాడుతుంటే
ఈశాన్యం మూల మాత్రం నిమ్మళంగా ఉందట.
అక్కడ పోలమ్మ తాడుకి కట్టిన డబ్బా మూతలు
గాలికి నీళ్లని చరుస్తున్నాయట.

పేరు కొట్టేశాను. రాశాను. మళ్లీ కొట్టేశాను.

నెల్లూరు ఆఫీసులో నా కుర్చీ వెనక ఒక బొమ్మ ఉంది:
ఆలోచన, నమూనా, పరీక్ష, విస్తరణ.
నాలుగు పెట్టెలు, మూడు బాణాలు,
అన్నీ కుడివైపుకే.
ఇక్కడ బాణం టీ బంకులో కూచుని బీడీ ముట్టిస్తుంది.
అప్పిచ్చిన బావమరిది ఎదురైతే
పక్క గట్టు మీదుగా తప్పుకుంటుంది.
తిరిగొచ్చేసరికి
తను బయల్దేరిన చోటే మారిపోయి ఉంటుంది.

మస్తానయ్య గుంటలో
అదే ఇంజను, అవే రెక్కలు, అదే వేగం.
అడుగు బురద లేచింది.
మూడో పొద్దుకి వలలో పడ్డదంతా చచ్చిన సరుకే.
కొలతల్లో రెండు గుంటలకీ తేడా లేదు,
ఒక్క అడుగు వంపు తప్ప.
అది పాత వరిమడి వంపు.
వాళ్ల తాత దున్నిన చాలు
నీళ్ల కింద ఇంకా దారి చెబుతోంది.

చదువుకునే రోజుల్లో
'సంక్లిష్టత' అనే మాట వచ్చినప్పుడల్లా
మా మేడమ్ చేతులు గాల్లో గుండ్రంగా తిప్పేది.
పరీక్షలో ఆ చేతుల్ని ఎలా రాయాలో తెలియక
పెట్టెలు గీసి మార్కులు తెచ్చుకున్నాను.

మేమేం చేశామో కూడా చెప్పాలి.
ఖాదర్‌వలీ బండికి నీలంరంగు పూసి, నంబరు కొట్టి,
రెండొందలు చేయించి
ఒకే రోజు రెండొందల గట్ల మీద దించాం.
రిబ్బను కత్తిరించాం.
ఏడాది తిరక్కముందే
కొన్నిటి కింద కోళ్లు గుడ్లు పెట్టాయి.
ఒకటి మైపాడు రోడ్డులో చెరుకురసం తీస్తోంది.
నివేదికలో దాన్ని వైఫల్యం అన్నది నేనే.
నిన్న ఆ రసం తాగుతూ చూశాను,
బండివాడు దానికి ఇంకో పళ్లచక్రం కలిపాడు.
ఆ చక్రం చూసిపోవడానికి
అల్లూరు నుంచి ఎవరో వచ్చారట.
ఎవరో అతనికి తెలియదు.

సాయంత్రం పోలమ్మ గుడిసె ముందు
చేపల పులుసు ఉడుకుతోంది.
గరిటె పెట్టలేదామె. పెడితే ముక్క విరుగుతుందంది.
గుడ్డతో కుండ అంచులు పట్టి
కుండనే ఒక చుట్టు తిప్పింది.
నా ఉద్యోగం పేరు నిర్వహణ.
పన్నెండేళ్లుగా నా చేతిలో ఉన్నది గరిటె.

"నీ పేరు రాసుకోనా?" అన్నాను.

"రాసుకో. గానీ నేను మూతలు కట్టింది నీటికాకులకి.
రొయ్యపిల్లల్ని ఎత్తకపోతుండాయని.
ఇంతమంది వచ్చారు, కొలుచుకున్నారు,
ఫోటోలు దీసుకున్నారు.
నీటికాకులు పొయినాయా అని ఒక్కరూ అడగలా."

పొయినాయా, అని అడిగాను.

"యాడ పోతాయి?
ఆ తాడు మీదే కూచోని
రెక్కలారబెట్టుకుంటుండాయి."