డబ్బాల ఆమె

మోటరుకు సిమ్ము ఏస్తరని
ఎవలన్న చెప్తే నవ్వేదాన్ని.
మనిషికే సిగ్నల్ సరిగ్గ దొరకని మా గుర్రంపోడు దిక్కు
బత్తాయి తోటల బోరుకు ఫోన్ నంబరా!
జానిమియా స్టార్టర్ డబ్బా బిగించి
మా ఇంటాయన ఫోన్ల ఆ నంబర్ ఎక్కిచ్చుకుంట
పేరేం రాయాలె అన్నడు.
మోటరని రాయి, ఇంకేం రాస్తవన్నడు ఈయన.
అప్పటి సంది అది
మేనత్తకూ మోహన్‌కూ నడుమ కూసున్నది.

అర్ధరాత్రి బాయికాడికి ఉరుకుడు తప్పింది.
పురుగూ బూసీ భయం, తడి చేత్తోని ఫ్యూజు ముట్టుడు తప్పింది.
మంచంల ఒరిగే ఫోన్ చేస్తడు.
అవుతల ఒక ఆడమనిషి అంటది:
"మోటర్ ఆన్ చేయబడినది."
ఏ ఊరి మాటో అది.
మా వాడకట్టుల ఎవ్వలంటరట్ల?
అన్నం వండబడినదని నేనెన్నడన్న అన్ననా?
మా ఆడిబిడ్డ సైదమ్మ వచ్చిన రాత్రి
చెవు పెట్టి ఇన్నది, మూతి తిప్పింది:
"పన్నెండు గొట్టంగ ఎవతెతోనిరా తమ్మీ ముచ్చట?"

ఇంట్ల ఇంకా రెండు పెద్ద ఫోన్లున్నయి, గోడకో టీవి.
కొడుకు ఫోన్ నాకు తోటకూర వండుడు నేర్పుతది,
నలభై ఏండ్ల సంది వండుతున్న నాకు.
కోడలు మమత ఒక్కపారి ఒక చీర దిక్కు చూసింది,
ఆ చీర నెలదాక ఆమె ఎంబడి తిరిగింది.
బత్తాయి టన్ను లక్ష అయితదని
పోయినేడు గ్రూపుల తిరిగిందే తిరిగింది;
మాకు ముట్టినయి పద్దెనిమిది వేలు.
టీవి సంగతి అడగకుండ్రి.
అది కొట్లాడితే మేం ఊకోవాలె,
మేం కొట్లాడితే అది ఊకోదు.

నన్నడిగితే అన్నిట్ల ఆ డబ్బానే నయం.
ఎరికైంది చెప్తది, పెట్టేస్తది.
మొగులైతదనది, ధర లేస్తదనది,
పది మందికి పంపు పుణ్యమొస్తదనది.
చెప్పినంక గంట కొట్టుమని అడగది.

మొన్న ఏప్రిల్ల,
చెట్టు మీద నిమ్మకాయంత కాయ ఉన్నప్పుడు,
మబ్బుల నాలుగింటికి అదే ఫోన్ చేసింది.
ఈయన నిద్రల ఉండె. నేనెత్తిన.
"డ్రై రన్. మోటర్ ఆపబడినది."
మల్లొకపారి అన్నది. గదే గొంతు.
ఆన్ అయిననాడు ఎంత సంబురం లేదో
గప్పుడూ అంత దుఃఖం లేదు.
డ్రై రన్ అంటే ఏందో నాకెరికలేదు.
కొడుకును తట్టి లేపి అడిగిన.
వాడు కండ్లు నులుముకుంట లేసి కూసొని
"నీళ్ళు లేవని, అవ్వా" అన్నడు.

ఆరు వందల అరవై ఫీట్ల కిందటి సంగతి
మా అందరికన్న ముందుగాల ఆమెకు ఎరిక.

ఈయనను లేపలే. పండనియ్యి అనుకున్న.
పొద్దు పొడిసినంక చాయ్ చేతికిచ్చి
నేను గూడ డబ్బా లెక్కనే చెప్పిన:
"నీళ్ళు లేవు. మోటర్ ఆగింది."
ఇంకేం కలపలే.
ఆయన చాయ్ ఊదుకుంట, ఊదుకుంట
చల్లారినంక గూడ ఊదిండు.

రీచార్జి అయిపోతుందని మెసేజ్ వచ్చింది.
ఎండిన బోరుకు పైసలెందుకన్నడు.
మారు మాట్లాడలే నేను.
కొండమల్లేపల్లికి మందులకు పోయిననాడు
ఆ నంబర్‌కు ఏపిచ్చిన.
దుకాణం పిల్లగాడు అడిగిండు, ఎవలదమ్మా ఇది?
ఏమని చెప్తం.
మా ఇంటిదే అన్న.

పగటీలి ఎవ్వలు లేంది చూసి ఒక్కోపారి నొక్కుత.
"మూడు ఫేజుల కరెంటు ఉన్నది.
మోటర్ ఆఫ్‌లో ఉన్నది."
రెండు ఉన్నయని చెప్తది.
మూడోదాని సంగతి
ఆమె ఎత్తది, నేనడుగ.