కాటా పలక

కావలి కొట్టాయన పదిరోజులన్నాడు,
మద్రాసు నించి రావాలంట.
డైనమోని నిలబెట్టే జానెడు ఇనుప ముక్క కోసరం
పది రాత్రులు చీకట్లో వల వెయ్యాలా?

జువ్వలదిన్నెలో మూతబడ్డ ఐసు ఫ్యాక్టరీ.
లోపల కాటా పలక, మూడు దోసెల మందం,
ఎర్రరంగుతో "ఎక్కరాదు" అని రాసుండాది.
రెండు పండుగప్పలకి బేరం కుదిరినాక
వాచ్‌మన్ ఖాదర్‌బాషా
రంపం కూడా తనే తెచ్చిచ్చినాడు.

పెండ్లిపత్రిక అట్టని ఇంజనుకి ఆనించి
గ్రీజు వేలితో నొక్కినా.
బోల్టుల ముద్రలు వాటంతటవే పడినాయి.
టేపెందుకు, కొలత ఇంజనే చెప్పింది.

మూడు బ్లేడ్లు విరిగినాయి.
వంపు కోసరం ఒక కొనని కొబ్బరిచిప్పల మంటలో కాల్చి
లంగరు మీద పెట్టి మా బావ శేషాచలం కొడతా ఉంటే
కుప్పంలో కుక్కలన్నీ లేచినాయి.

తెల్లారి చూస్తే
ముక్క మీద మిగిలింది "రాదు".
"ఇదేం శకునంరా, గీకెయ్" అనింది అక్క పోలమ్మ.
గీకలా.
బెల్టు బిగించేదానికి గాడి కావాలి గదా,
వరసగా మూడు బెజ్జాలేసి
మధ్య గోడల్ని ఆకురాయితో రాకతా పోయినా
మధ్యాహ్నం దాకా.
గాడి "దు"ని తినేసింది.

బొటనవేలితో నొక్కితే బెల్టు అరంగుళం దిగింది, చాలు.
హ్యాండిల్ తిప్పినాం. ముందు పొగ.
పలక వణికింది, నట్టు ఇంకో చుట్టు బిగించినా.
పడవ కొనన బల్బు
ఎర్రగా, తర్వాత పసుప్పచ్చగా.

అక్క ఏం మాట్లాడలా.
మోకాలిలోతు నీళ్ళలో వచ్చి
చెయ్యి అడ్డం పెట్టుకొని
ఇంజను పక్కకి తొంగిచూసి
ఆ ఒక్క అక్షరాన్ని పైకే చదివింది.