మూడో వరస

ఆకును ముందు వెనక్కి తిప్పి చూడాలి.
లమ్‌దువన్ పెద్దమ్మ నాకు నేర్పిన మొదటి మాట అది,
నఖోన్ పథోమ్‌లో, కాలవ గట్టున, నల్ల వల కింద,
మొలమైన్ నుంచి వచ్చిన కొత్తలో,
థాయ్ మాటలకి నా నోరింకా తిరగని రోజుల్లో.

పైన పసుపు, కింద మసి అయితే బూజు తెగులు.
నడుమ గుంటపడి చుట్టూ వలయాలు గీసుకుంటే
దానికింకో పేరుంది, నాకిప్పటికీ పలకదు.
ఎండవైపు మాత్రమే తెల్లబడిందా, అది రోగమే కాదు,
వలకి చిల్లు పడింది, సూదీ దారం పట్రా అంటుంది.
నీటి పొక్కులా మెరిస్తే మాత్రం
వేలితో నొక్కదు. ముక్కు దగ్గర పెట్టుకుంటుంది.
కుళ్ళిన చేప నీచు తగిలితే
ఆ కుండీ ఆ పూటకి వరసలో ఉండదు.

వానలు వెనక్కి పోయి పొద్దుటి మంచు మొదలయ్యాక
మూడో వరసకి మచ్చలొచ్చాయి.
మూడో వరసకే.
రెండోదాని ఊదా పూలు కోతకి సిద్ధంగా ఉన్నాయి,
నాలుగోదాని ఆకుల్లో మొహం చూసుకోవచ్చు.

మచ్చకి వేలెడు ఇవతల, పచ్చని చోటే కోశాం.
మొక్క మొక్కకీ కత్తెరని స్పిరిట్ దీపం మీద కాల్చి
చల్లారిందాకా ఆగి, మళ్ళీ ఇంకోటి.
కోసిన అంచుకి దాల్చినచెక్క పొడి అద్దాం,
షెడ్డు షెడ్డంతా మిఠాయి దుకాణం.
రాలినవన్నీ ఏరి తగలబెట్టాం.
మాంకోజెబ్ కొట్టాం, వారం ఆగి మళ్ళీ కొట్టాం,
ఒకే మందుకి బూజు అలవాటుపడుతుందని
మూడోసారి మందు మార్చాం.
నా కనుబొమల మీద పచ్చటి పొడి ఎండిపోయింది.
అయినా కింది ఆకులు రాలుతూనే ఉన్నాయి
కొబ్బరి డొక్కల మీద, చప్పుడు లేకుండా.

"మందుది తప్పు కాదు," అంది పెద్దమ్మ.
"తడి ఎక్కణ్ణుంచి వస్తోంది?"

పొద్దున ఏడింటికి, పడవలో పంపు పెట్టి, నీళ్ళు కొట్టేది నేనే.
మధ్యాహ్నానికి ఆకు మొదట్లో కూడా చుక్క మిగలదు.
రాత్రంతా తడిసిన ఆకంటే బూజుకి పక్క పరిచినట్టే.
ఇది తెలియనివాళ్ళు ఈ తోటలో లేరు.

ఆ సాయంత్రం నన్ను ఇంటికి పోనివ్వలేదు.
ఖాళీ కుండీల గుట్ట చాటున పీటలేసుకు కూర్చున్నాం.
దోమలు. కాలవ అవతల ఎవరిదో రేడియో.
ఆరు దాటాక ప్రయూన్ పెదనాన్న వచ్చాడు,
ముప్పయ్యేళ్ళ కిందట ఈ వరసలు కట్టిన మనిషి,
గొట్టం భుజానేసుకుని.
మూడో వరస దగ్గర కుళాయి తిప్పి
చివరిదాకా తడిపాడు,
నిద్రపోయే పిల్లలకి దుప్పటి కప్పేవాడిలా వంగి వంగి.
గొట్టం చుట్టి లోపలికెళ్ళాడు.
అరగంటకి మళ్ళీ వచ్చాడు.
"అయ్యో, ఇవాళ మీకెవరూ నీళ్ళు పెట్టలేదే," అన్నాడు మొక్కలతో.
మళ్ళీ మొదటి కుండీ నుంచి మొదలు.

నేను లేవబోయాను.
పెద్దమ్మ నా మోకాలి మీద చెయ్యి వేసింది,
దాల్చినచెక్క వాసన ఇంకా వదలని చెయ్యి.
ఆకుని చూసినట్టే చూసింది ఆయన్ని,
ముందు నుంచీ, ఆయన తిరిగాక వెనక నుంచీ.
ఏ పేరూ పెట్టలేదు.

మర్నాడు ఇద్దరం కలిసి
మూడో వరస కుళాయి పీకి గట్టు చివర బిగించాం.
ఇంటి ముందరి తామర తొట్టెలు ఐదూ
ఆపసోపాలు పడి దొర్లించుకొచ్చి దాని చుట్టూ దించాం.

మచ్చపడ్డ ఆకు మళ్ళీ పచ్చబడదు,
వైద్యం కుదిరిందో లేదో కొత్త ఆకే చెప్పాలి
అంది నాతో. అని,
చాలాసేపు కత్తెర తుడుస్తూ ఉండిపోయింది.
నెల తిరిగేసరికి మూడో వరసలో చిగుళ్ళు,
పిల్లి నాలుకంత, ముందూ వెనకా శుభ్రంగా.

ఆరు దాటాక ఆయన వస్తాడు.
తొట్టెలు నింపుతాడు. అరగంటకి మళ్ళీ నింపుతాడు.
పొర్లిన నీళ్ళు గట్టు మీంచి జారి
వచ్చిన కాలవలోకే పోతాయి.
"మి చాన్, వీటికి పొద్దున నీళ్ళు పెట్టావా?" అంటాడు.
లేదు పెదనాన్నా,
మర్చిపోయాను, అంటాను.