గేటు కొలత

ఫారెస్టోళ్ల వేలంపాటల
ముప్పై రెండు వేలకు పాడిండు మా తమ్ముడు పర్వతాలు.
అమ్రాబాద్ కంకర తొవ్వలు తిరిగి తిరిగి
ఒళ్లు గుల్లయిన జీపు.
ట్రాక్టరుకు గట్టి గుంజుకొస్తుంటె
అచ్చంపేట బస్టాండు కాడ
ఎవరో ముసలాయన తలకు తువ్వాల తీసి దండం వెట్టిండట,
శవం పోతుందనుకొని.

ఆ బండి వానికి కొత్త కాదు.
ఎండకాలం అడివి అంటుకుంటె
పచ్చికొమ్మలు వట్టుకొని దాని వెనక నిలవడి పోయిండు
పదకొండేండ్లు, రోజుకూలి మీద.
స్టీరింగు ముట్టనియ్యలే ఎవ్వరూ.
పని బందయిన నాడు
చెప్పుల బూడిద గడప బయట దులుపుకున్నడు.
మల్ల ఆ ముచ్చట తియ్యలే.

గేర్ బాక్సు దించనీకె
లేతు మిషిను ఖాజా మియా, ఆయన ఇద్దరు కొడుకులు,
నేను, ఒక యాపమొద్దు.
నా వంట గిన్నెలు ఒక్కొక్కటే
డీజిలు వాసన నేర్చుకున్నయి.
చారు గిన్నెల బేరింగులు.
ఇడ్లీ ప్లేటు గుంటలల్ల వాల్వుల స్ప్రింగులు,
ఏ గుంటది ఆ గుంటకే పోవాల్నని
నా చెయ్యి తాకనియ్యలే.

నాగర్‌కర్నూల్ల దొరకని ముక్క కల్వకుర్తిల,
కల్వకుర్తిల దొరకనిది జుమ్మెరాత్ బజార్ల,
ఇంకెవ్వని జీపు కడుపులదో.
ముందల చక్రాలకు జోరిచ్చే చిన్న కడ్డీ
బిగుసుకపోయి కూసుంది, ఎన్నేండ్లాయెనో ఎవ్వరూ గుంజక.
దానికి రోజూ ఇంత కిరసనాయిలు తాపిండు
జొరమొచ్చినోనికి గంజి తాపినట్టు.

డ్రైవరు సీట్ల నల్లకోడి గుడ్లు వెట్టింది.
అంగన్‌వాడీల ఆయాను నేను,
గుడ్లు లెక్కవెట్టుడు నాకు అలవాటే.
పదకొండు గుడ్లు. తొమ్మిది పిల్లలు.
కోడి లేచిపోయింది గని
జీపు పొదిగింది పొదిగినట్టే ఉన్నది.

రెండో ఏడు చిట్టీ ఎత్తిన.
పందులు జొర్రకుండ గోడ కట్టిద్దామనుకున్న.
గేటు ఎంత వెడల్పక్కా అన్నడు మేస్త్రీ.
వాకిట్లకు చూసిన.
ఇటుకల మీద లేపిన ఛాసిస్,
దాని కిందికెల్లి వాని రెండు కాళ్లు.
సైకిల్ మోటరు వడితె చాలన్న.
నాలుగడుగులు.
ఆ కాళ్లు విన్నయో, వినలేదో.

మొన్న పొద్దుగూకినంక
పక్కింటి ట్రాక్టరు బ్యాటరీ తెచ్చి తగిలిచ్చిండు.
మూడుసార్లు దగ్గింది.
నాలుగోసారి వాకిలంత నల్లటి పొగ,
గూట్ల సత్తు గిన్నెలన్ని గజగజ,
ఖాజా మియా నోట్ల బీడీ కింద పడ్డది.
పర్వతాలు నవ్వలే.
రెండు గజాలు ముందుకు పోనిచ్చి, గోడ కాడ ఆపి,
దిగి టేపు తీసిండు.
జీపు అయిదడుగుల నాలుగంగుళాలు.
గేటు నాలుగు.
మల్లొకసారి కొలిచిండు, టేపుది తప్పేమోనని.
నా దిక్కు చూడలే.
"గోడ గట్టిగ కట్టిండక్కా మేస్త్రీ" అన్నడు.

గడ్డపార నేనే తెచ్చిన.
మొదటి దెబ్బ నేనే ఏసిన.
నా చిట్టీ పైసలు ఎర్రగ దుమ్ము లేసినయి.
పగలని ఇటుకలు కుప్పేసి లెక్కవెడితె
ఎనభై నాలుగు.

తెల్లారి నన్ను పక్క సీట్ల కూసోవెట్టుకొని
మన్ననూర్ దిక్కు తోలిండు.
రోడ్డు దిగి, రాళ్ల వాగుల,
ఆ చిన్న కడ్డీ గుంజిండు.
కిర్రుమన్నది. పడ్డది.
నాలుగు చక్రాలు ఒక్కపారి మన్ను వట్టుకున్నది
నా అరికాళ్లకు తెలిసింది.
వాని మొఖంల ఏం లేదు.
చెవులు మాత్రం ఇంజను దిక్కు.

చెక్‌పోస్టు కాడ కట్టె అడ్డమేసినోడు కొత్త పోరడు.
లోపలికి పర్మిషన్ లేదన్నడు, బండి నంబరు రాసుకున్నడు,
వాని పేరు అడగలే.
మర్లినం.

ఇంటికొచ్చెవరకు నల్లకోడి
వాకిట్ల ఆయిలు మరక సుట్టు తిరుగుతున్నది.
పడగొట్టిన సందులకెల్లి
ఎవ్వరిదో పంది
లోపలికి తొంగి చూస్తున్నది.