చుక్క ఏది, రాయి ఏది

దేవరకొండ బస్టాండు ఎదురుగల్లీల
నా జిరాక్సు షాపు.
ఎనక అర్రల పాత ఎన్లార్జరు,
దాని మీద ఇప్పుడు లామినేషన్ కవర్ల కట్టలు.

మొయిజు తెచ్చిండొక నెగెటివు,
అగ్గిపెట్టెల, దూది పరిచి,
తేలుపిల్లను తెచ్చినంత పైలంగ.
"గీ బండే భాయ్, నా షెడ్డుల ఉన్నది.
అప్పుడెట్లుండెనో చూస్తె గదా
ఇప్పుడెట్ల చెయ్యాల్నో తెలిసేది."

ట్యూబులైటుకు పట్టి చూసిన.
తెల్లది నల్లగ, నల్లది తెల్లగ.
డిండి వాగుల ఎండిన ఇసుక,
రెండు చక్రాలూ నేల ఇడిచిన ఎజ్డీ,
దాని మీద లేచి నిలబడ్డ లైన్‌మన్ జానయ్య.
హెల్మెట్ లేదు.
ఖాకీ అంగీ గాలికి ఉబ్బి
వీపెనక ఇంకో మనిషి కూసున్నట్టు.

డెబ్బై తొమ్మిదిల పందెమట.
కరెంటోళ్లు ముగ్గురు, పశువుల దవాఖాన కంపౌండరు,
మలేరియా మందు కొట్టేటోళ్లు ఇద్దరు.
మడ్‌గార్డులు పీకి, సైలెన్సరు పైకి వంచి,
అరిగిన టైర్లకు రంపంతోటి పండ్లు కోసి.
గెలిచినోనికి పొట్టేలు.
ఎవలు గెలిచిన్రో మొయిజుకు తెల్వదు.
ఫొటోకు గూడ తెల్వదు,
అది ఇంకా గాలిలనే ఉన్నది.

స్కాన్ చేసి పెద్దగ చేస్తె
తెరంత చుక్కలు.
ఏండ్ల కొద్ది బూజు, వానకాలం చెమ్మ,
ఎవలిదో బొటనేలు ముద్ర.
బియ్యంల మెరిగెలు ఏరినట్టు
ఒక్కొక్కటే ఏరుకుంట మూడు రాత్రులు.
కుడిదిక్కు అంచుల పెద్ద తెల్లమరక,
దాన్ని పక్కనున్న ఇసుకతోటి కప్పేసిన.
నాలుగోనాడు చెయ్యి ఆగింది.
ఎనక చక్రం కింద గీ చుక్క
బూజా?
అప్పుడే ఎగిరిన రాయా?
తుడిస్తె జానయ్య జోరు తగ్గుతది.

షెడ్డుల మొయిజుది గూడ గదే తిప్పల.
జుమ్మెరాత్ బజార్ల కార్బొరేటరు దొరికింది,
రిమ్ములకు పుల్లలు దొరికినయి.
తుప్పు గీకుకుంట పోతె
ట్యాంకు కింద సొట్ట తేలింది.
పందెంల పడ్డదా?
తర్వాత పదకొండేండ్లు మోసిన
పాలక్యాన్లు తగిలి పడ్డదా?
సుత్తె ఎత్తిండు.
కొంచెంసేపు చూసి దించిండు.

ఇగ రంగు.
ఫొటో నలుపు తెలుపు, ట్యాంకు బూడిద.
"యాదున్నోళ్లు చెప్పున్రి" అని
ఫోన్ల అందరికీ పంపిన.
చందంపేట నుంచి ఒకాయన: ఎరుపు, పండుమిర్ప లెక్క.
కొండమల్లేపల్లి రిటైర్డ్ సారు: నీలం,
దినాం నేనే తుడిచేటోన్ని.
ఇంకొకడు, అది ఎజ్డీయే కాదు రాజ్‌దూత్ అని
నడిరాత్రి దాక కొట్లాడిండు.

పొద్దుగాల్ల హాలియా నుంచి
జానయ్య బిడ్డ అండాలు గొంతు:
"రంగు నాకు తెల్వదన్నా, నాకప్పుడు నాలుగేండ్లు.
ట్యాంకు మీద కూసోవెట్టుకునేటోడు,
తొడలు కాలేటియి, గంతే యాది.
ఫొటోల కుడిదిక్కు మా అమ్మ ఉండాలె.
కెమెరాకు సిగ్గుపడి జరిగిందట,
తెల్లచీర కొంగొక్కటే పడ్డదని నాయిన నవ్వేటోడు.
గిండ్ల లేదేంది?"

జవాబు ఇయ్యలే.
షట్టరు సగం దించి
అగ్గిపెట్టె తెరిచిన.
దూదిల నెగెటివు అట్లనే ఉన్నది,
అంచుకు, నల్లగ,
గాలికి ఆడుతున్న కొంగు.

మళ్ల మొదటి నుంచి స్కాన్ చేసిన.
గీతలు మాత్రమే తీసిన.
చుక్కలు ఉండనిచ్చిన, వేలిముద్ర గూడ.
ముందుగాల హాలియాకు పంపిన.

ట్యాంకుకు రంగు ఇంకా ఎయ్యలే.
ఎర్రటి ప్రైమరు మీదనే, నిన్న మాపటికి,
మొయిజు బండిని వాగులకు దింపిండు.
ఐదో కిక్కుకు దగ్గింది,
ఆరో కిక్కుకు అందుకున్నది.
నేను కెమెరా పట్టుకొని ఇసుకల కూసున్న.
ఎనక చక్రం తిరిగి
లెన్సు మీద ఏదో వచ్చి పడ్డది.

తుడువలే.